నాలుగు మీటర్ల గీత

సూరత్‌లోని లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో నడిస్తే తెలుగు వినబడుతుంది. పూర్వపు కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి మరమగ్గాల పని వెతుక్కుంటూ వెళ్లి అక్కడే స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు వారిలో ఎక్కువ. ఆ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతున్నదంటే వారి ఉనికి ఎంత బలమైనదో గ్రహించవచ్చు. మగ్గం ముందు నిలబడి పని చేసిన తరానికి సైకిలే వాహనం. వారి పిల్లల ఇళ్లలో నేడు జరుగుతున్న చర్చ వేరు: చిన్న ఎస్‌యూవీ కొనాలి, కొత్తదా, సెకండ్ హ్యాండా?

ఇది కేవలం ఇంటి లెక్క అనుకుంటాము. నిజానికి మన దేశంలో కొత్త కారుకూ పాత కారుకూ నడుమ ఉన్న దూరాన్ని బజారు ఒక్కటే ఏనాడూ నిర్ణయించలేదు. పర్మిట్ల కాలాన్ని తలచుకోండి. అంబాసిడర్‌కో ఫియట్‌కో డబ్బు కట్టి ఏళ్ల తరబడి వేచి ఉండవలసి వచ్చేది. కొత్త కారు ధర మీద సర్కారు నియంత్రణ ఉండేది, వాడిన కారు ధర మీద ఉండేది కాదు. ఫలితంగా చేతులు మారిన కారు షోరూమ్ ధర కన్నా ఎక్కువ పలికిన సందర్భాలుండేవి. 1983 డిసెంబర్ 14న ఇందిరా గాంధీ తొలి మారుతి 800 తాళాలు అందించిన నాటికి ఆ వరుస ఇంకా తరగలేదు. 1993లో కార్ల పరిశ్రమకు లైసెన్సు తొలగిన తరువాతే పాత కారు నిజంగా ‘పాతది’ అయింది.

నేటి చిన్న ఎస్‌యూవీకి పుట్టుక మాత్రం 2006 ఫిబ్రవరి బడ్జెట్‌లో ఉంది. నాటి ఆర్థిక మంత్రి చిదంబరం చిన్న కార్లపై ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారు. చిన్న కారంటే ఏమిటో కూడా అప్పుడే నిర్వచించారు: పొడవు 4 మీటర్లు మించరాదు, ఇంజిన్ పెట్రోల్‌దైతే 1200 సీసీ, డీజిల్‌దైతే 1500 సీసీ దాటరాదు. ఆ నిర్వచనంలో ఎస్‌యూవీ ప్రస్తావన లేదు. కంపెనీలే ఎస్‌యూవీని ఆ గీతలోకి కుదించాయి. 2013లో ఫోర్డ్ ఎకోస్పోర్ట్, 2016లో మారుతి విటారా బ్రెజా, 2017లో టాటా నెక్సాన్, 2019లో హ్యుందాయ్ వెన్యూ, 2020లో మన పెనుకొండలో తయారైన కియా సోనెట్ వరుసగా వచ్చాయి. బ్రెజా, వెన్యూ, సోనెట్ మూడింటి పొడవూ 3,995 మిల్లీమీటర్లే. ఇంజనీర్ల అభిరుచులు మూడు కంపెనీలలో ఇంత కచ్చితంగా కలుస్తాయా? కలిపింది పన్ను పట్టిక.

ఆ గీత ఎంత కఠినమో బ్రెజా చరిత్రే చెబుతుంది. మొదట డీజిల్ ఇంజిన్‌తో మాత్రమే వచ్చి ‘చిన్న కారు’గా లెక్కకెక్కింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 ప్రమాణాలు అమలులోకి వచ్చేసరికి మారుతి డీజిల్‌ను వదిలి 1,462 సీసీ పెట్రోల్ ఇంజిన్ పెట్టింది. పొడవు పెరగలేదు, కానీ ఇంజిన్ గీత దాటింది. పన్ను వరుసలో బ్రెజా పెద్ద కార్ల సరసకు చేరింది.

సూరత్‌లో కారు రాజకీయ దృశ్యంగానూ కనిపించింది. వజ్రాల వ్యాపారి సావ్జీ ఢోలకియా 2018 దీపావళికి 600 మంది ఉద్యోగులకు కార్లిచ్చినప్పుడు, కొందరికి ప్రధానమంత్రి ఢిల్లీలో స్వయంగా తాళాలు అందించారు. మగ్గం కార్మికుడికి అటువంటి బోనస్ లేదు, అతనిది కిస్తీల దారి.

ఆ దారిలో రెండు నిర్ణయాలు ఎదురయ్యాయి. 2024 డిసెంబర్ 21న జైసల్మేర్‌లో సమావేశమైన జీఎస్టీ కౌన్సిల్, వాడిన చిన్న కార్లపై డీలరు మార్జిన్ మీద పన్నును 12 నుంచి 18 శాతానికి పెంచింది. సొంత కారు నష్టానికి అమ్ముకున్నా పన్ను కట్టాలంటూ అప్పట్లో లేచిన గగ్గోలు నిజం కాదు. వ్యక్తి వ్యక్తికి అమ్మితే పన్ను లేదు. తొమ్మిది నెలలకు, 2025 సెప్టెంబర్ 22 నుంచి, కొత్త చిన్న కార్లపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, సెస్సు పోయింది.

లెక్క చూద్దాం. పన్నుకు ముందు 8 లక్షలున్న 1200 సీసీ లోపు పెట్రోల్ కారు, సెస్సుతో కలిపి 29 శాతం ఉన్నప్పుడు 10.32 లక్షలు, ఇప్పుడు 9.44 లక్షలు. మిగిలింది 88 వేలు. డీలరు 5.5 లక్షలకు కొని 6 లక్షలకు అమ్మే పాత కారుపై పన్ను మాత్రం 6 వేల నుంచి 9 వేలయింది. మూడు వేలు పెద్ద మొత్తమేమీ కాదు, ఒప్పుకుంటాను. దిశ మాత్రం గమనించదగ్గది. తక్కువ సొమ్ముతో వచ్చే కొనుగోలుదారుపై ముందు వడ్డన, ఎక్కువ సొమ్ముతో వచ్చేవాడికి తరువాత రాయితీ. సెప్టెంబర్ 21న పాత కారు చేతిలో ఉన్నవాడికి తెల్లారేసరికి దాని విలువ పడింది. ఆ నష్టానికి పరిహారం ఎవరూ తలపెట్టలేదు. కౌన్సిల్‌లో రాష్ట్రాలన్నీ సభ్యులే కనుక ఇందులో ఢిల్లీని మాత్రమే నిందించి తప్పుకోలేము.

ఈ స్థితిలో సూరత్‌లోనే ఎనిమిది, పదేళ్లు ఉండదలచిన కుటుంబానికి కొత్తదే నయమని నా అభిప్రాయం. 2025 నాటికి బంకుల్లో దొరికే పెట్రోల్ 20 శాతం ఇథనాల్ కలిసినదే. దానికి తట్టుకునే భాగాలు తప్పనిసరి అయింది 2023 ఏప్రిల్ నుంచి తయారైన కార్లకు. అంతకు ముందటి కారు చవకగా వచ్చినా, ఆ చవకలోనే మరమ్మతు ఖర్చు దాగి ఉండవచ్చు.

రెండు మూడేళ్లలో సిరిసిల్లకు తిరిగి రాదలచినవారి సంగతి వేరు. గుజరాత్‌లో వ్యక్తుల కార్లపై జీవితకాల పన్ను 6 శాతం. తెలంగాణ 2022లో 5 నుంచి 10 లక్షల కార్లకు 14 శాతం చేసింది. జీజే-05 నంబరు బండి పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంటే నంబరు మార్చుకోవాలి, ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి, ఇక్కడి పన్ను కట్టాలి. బండి వయసును బట్టి ఆ పన్ను తగ్గుతుంది గనుక కొత్త కారు తెచ్చినవాడికి దెబ్బ ఎక్కువ. అటువంటివారు సూరత్‌లో ఏదీ కొనకుండా, ఊరికి వచ్చాక తెలంగాణ నంబరున్న బండిని తెలిసినవారి దగ్గర నేరుగా తీసుకోవడం మేలు. నడుమ డీలరు లేడు గనుక ఆ 18 శాతం ప్రసక్తీ రాదు.