రంగు మార్చినంత మాత్రాన ఆడవాళ్ల స్కీ అయిపోదు

1931 ఫిబ్రవరి. ఆల్పైన్ స్కీయింగ్‌లో తొలి ప్రపంచ చాంపియన్‌షిప్ స్విట్జర్లాండ్‌లోని ముర్రెన్ అనే కొండ ఊళ్లో జరిగింది. మహిళల డౌన్‌హిల్, స్లాలమ్ రెండూ గెలిచింది ఎస్మే మెకిన్నన్ అనే పదిహేడేళ్ల బ్రిటిష్ అమ్మాయి. అంతకు ఎనిమిదేళ్ల ముందే, 1923లో, అదే ఊళ్లో లేడీస్ స్కీ క్లబ్ పుట్టింది. మంచు కొండ ఆడవాళ్లకు కొత్తేమీ కాదు. వాళ్ల ఒంటికి తగ్గట్టు చేసిన స్కీ మాత్రం దశాబ్దాల తర్వాత గాని రాలేదు.

ఒలింపిక్స్‌లోనూ చోటు ఆలస్యంగానే దొరికింది. 1924లో షమోనీలో జరిగిన తొలి శీతాకాల క్రీడల్లో ఆడవాళ్లను ఫిగర్ స్కేటింగ్‌కే పరిమితం చేశారు. 1936లో గార్మిష్-పార్టెన్‌కిర్షెన్‌లో ఆల్పైన్ పోటీలకు తలుపులు తెరిచారు. జర్మనీకి చెందిన క్రిస్టల్ క్రాంజ్ డౌన్‌హిల్‌లో పడి ఆరో స్థానానికి జారింది. తర్వాత స్లాలమ్‌లో ఆ లోటంతా పూడ్చుకుని, రెండూ కలిపి లెక్కించిన పోటీలో స్వర్ణం గెలిచింది.

చెయ్యెత్తి కొలిచిన రోజులు

ఆనాటి స్కీలు పొడవాటి చెక్కలు. చెయ్యి పైకెత్తి నిలబడితే మణికట్టును అందుకునే పొడవు సరైనదని లెక్క. ఎత్తు మాత్రమే చూసే ఆ కొలతలో మనిషి బరువు ఊసే లేదు. అసలు కీలకం అక్కడే ఉంది. స్కీని అంచు మీదకు వాల్చి బరువు మోపితే అది విల్లులా వంగుతుంది. ఆ వంపే మలుపు తిప్పుతుంది. ఎనభై కిలోల మనిషి కోసం చేసిన బిగువైన స్కీ యాభై కిలోల మనిషి కింద సరిగా వంగదు. అప్పుడు మలుపు తిప్పడానికి ఒంట్లో శక్తంతా పెట్టాలి. ఎంతోమంది ఆడవాళ్లు తమకు నేర్పు చాలదనుకున్నది ఇందుకే.

1950లో అమెరికన్ విమాన ఇంజినీరు హోవార్డ్ హెడ్ చెక్కకు అల్యూమినియం పొరలు అతికించి కొత్త స్కీ తెచ్చాడు. అది తిప్పడానికి తేలిక. అయినా ఆడవాళ్ల కోసమంటూ దుకాణాలకు వచ్చినవి చాలాకాలం మగవాళ్ల స్కీలే. పొడవు తగ్గించి, పూలో గులాబీ రంగో వేసేవారు.

దీన్ని గట్టిగా ప్రశ్నించినవారిలో అమెరికా స్కీయర్ జీనీ థోరెన్ ముఖ్యురాలు. ఆడవాళ్ల శరీర నిర్మాణం వల్ల బరువు మడమల వైపు పడుతుందని, బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్‌ను కాస్త ముందుకు జరిపి, బూటు లోపల మడమ కింద ఎత్తు పెడితే స్కీ మాట వింటుందని ఆమె వాదించింది. వాదనతో ఆగకుండా స్కీ కేంద్రాలకు వెళ్లి, ఆడవాళ్ల చేతనే పరీక్ష చేయించింది.

నడుము సన్నబడింది, దారి తెరుచుకుంది

పెద్ద మార్పు స్లొవేనియా నుంచి వచ్చింది. 1993లో ఎలాన్ కంపెనీ ఎస్‌సీఎక్స్ అనే స్కీని తెచ్చింది. ముందూ వెనకా వెడల్పు, మధ్యలో బాగా సన్నం. పొట్టి స్కీతోనే గుండ్రని మలుపులు సాధ్యమయ్యాయి. తర్వాత 2002లో స్కీయర్ షేన్ మెకాంకీ ఆలోచనతో వోలాంట్ కంపెనీ స్పాచులా అనే స్కీని తయారు చేసింది. దాని రెండు కొనలూ పైకి లేచి ఉంటాయి కాబట్టి మెత్తటి మంచులో మునగకుండా తేలుతుంది. ఈ రెండు ఆలోచనల కలయిక నేటి ఆల్ మౌంటెన్ స్కీ. చదును చేసిన వాలు, గుట్టలు గుట్టలుగా చేరిన మంచు, చెట్ల మధ్య పొడి మంచు, అన్నిటికీ ఒకే జత.

ఇప్పుడు బ్లిజార్డ్ బ్లాక్ పెర్ల్, నార్డికా సాంటా ఆనా వంటి స్కీలు ఆడవాళ్ల కోసమే రూపొందుతున్నాయి. 2014లో అమెరికాలోని లేక్ టాహో దగ్గర జెన్ గురెకీ ఆడవాళ్ల స్కీల కోసమే కోయలిషన్ స్నో కంపెనీ పెట్టింది.

అలాగని 'విమెన్స్' అనే ముద్రే కొలమానం కాదు. అమెరికా స్కీయర్ లిండ్సే వాన్ 2009 నుంచి మగవాళ్ల స్కీలతో పోటీ చేసింది. 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో డౌన్‌హిల్ స్వర్ణం గెలిచింది. ఆమె వేగానికి, బలానికి అంత బిగువు కావాలి, తీసుకుంది.

ఎంచుకునే తీరు

స్కీయింగ్ మనవాళ్లకూ పరాయిది కాదు. మన దేశం నుంచి శైలజా కుమార్ 1988లో కాల్గరీ ఒలింపిక్స్ స్లాలమ్‌లో దిగింది. శీతాకాల ఒలింపిక్స్‌కు వెళ్లిన తొలి భారతీయ మహిళ ఆమే. 2018లో మనాలీ అమ్మాయి ఆంచల్ ఠాకుర్ టర్కీలో కాంస్యం గెలిచి, అంతర్జాతీయ స్కీయింగ్‌లో మన దేశానికి తొలి పతకం తెచ్చింది. గుల్‌మార్గ్ వెళ్లే మనవాళ్లకైనా, డెన్వర్‌లోనో సియాటిల్‌లోనో స్థిరపడిన తెలుగు కుటుంబాలకైనా స్కీ ఎంపికలో చూడాల్సినవి ఇవే.

మొదట కాలికి సరిపోయే బూటు. అది వదులైతే ఎంత ఖరీదైన స్కీ అయినా దండగే. తర్వాత స్కీ నడుము, అంటే మధ్యభాగం, వెడల్పు. బ్లాక్ పెర్ల్ 88 వంటి పేర్లలోని అంకె మిల్లీమీటర్లలో అదే. గట్టి మంచు మీద ఎక్కువగా తిరిగేవారికి 80-90, మెత్తటి మంచు తరచూ దొరికేచోట 90-100 నప్పుతాయి. పొడవు కొత్తవారికి గడ్డం దాకా, చేయి తిరిగినవారికి నుదురు దాకా ఉండాలి. లోహపు పొరలున్న స్కీ వేగంలో నిలకడగా ఉంటుంది కానీ బలం అడుగుతుంది. తక్కువ బరువున్నవారు మెత్తగా వంగేది తీసుకోవడం మంచిది. బైండింగ్ బిగింపును సొంతంగా మార్చకండి. మీ ఎత్తు, బరువు, వయసు, బూటు పొడవు, నైపుణ్యం నిజాయితీగా చెప్పి మెకానిక్ చేతనే సరిచేయించుకోండి.

కొనే ముందు కనీసం రెండు రకాలు అద్దెకు తీసుకుని ఒకే వాలు మీద నడిపి చూడండి. మీ బరువుకు తేలిగ్గా వంగి, అలిసిన కాళ్లకు కూడా మలుపునిచ్చే జతే మీది. దాని మీద రంగేదైనా, పేరేదైనా పట్టించుకోకండి.