విజయనగరం సంగీత పాఠశాల పుట్టుక: అంధ బాలుని చదువు, సహిత విద్యా చరిత్ర

ప్రవేశిక

విజయనగరం మహారాజా సంగీత కళాశాల చరిత్రను సాధారణంగా రెండు కోణాల నుంచి రాస్తారు. మొదటిది పూసపాటి రాజుల కళాపోషణ. రెండవది ఆదిభట్ల నారాయణదాసు, ద్వారం వెంకటస్వామి నాయుడు మొదలైన విద్వాంసుల ప్రతిభ. ఈ రెండింటి నడుమ, కళాశాల ఒక అంధ బాలుని కోసం మొదలైందన్న సంగతి ఒక్క వాక్యంలో ముగిసిపోతుంది. సంగీత చరిత్రకు ఆ వాక్యం చాలవచ్చు, విద్యా చరిత్రకు చాలదు. వైకల్యం గల పిల్లలు ఊరి బడిలోనే తోటివారితో కలిసి చదవాలని చట్టం చెబుతున్న కాలంలో, నూరేళ్ల కిందట ఈ పట్టణం అలాంటి ఒక బాలునికి ఏ దారి చూపిందో పరిశీలించవలసి ఉంది.

1919: ఒక బాలుని కోసం ఒక సంస్థ

ప్రచారంలో ఉన్న కథనం ఇది. విజయరామ గజపతిరాజు ఆస్థానోద్యోగి చాగంటి జోగారావు కుమారుడు గంగరాజుకు చూపు లేదు. సంగీతం మీద మాత్రం ఆసక్తి మెండు. ఆ బాలునికి విద్య చెప్పించే ఉద్దేశంతో మహారాజు 1919 ఫిబ్రవరి 5న సంగీత పాఠశాలను ప్రారంభించి, నారాయణదాసును తొలి అధ్యక్షునిగా నియమించాడు. సంస్థ తరువాతి కాలంలో ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలగా మారింది.

విజయనగరంలో అప్పటికి చదువుకు కొరత లేదన్నది ఇక్కడ గమనించదగినది. 1857లో మొదలైన ఆంగ్ల పాఠశాల 1879 నాటికి కళాశాల స్థాయికి ఎదిగింది. గురజాడ, గిడుగు చదువుకున్న ఊరు అది. అయినా ఉన్న బడిలోకి అంధ బాలుణ్ణి తీసుకురావాలన్న ఆలోచన కంటే, అతని కోసం వేరొక సంస్థను నిర్మించాలన్న ఆలోచనే ఆనాటి పెద్దలకు సహజంగా తోచింది. పలక, అచ్చు పుస్తకం, నల్లబల్ల, వ్రాత పరీక్ష అనే నాలుగు స్తంభాల మీద నిలిచిన పాఠశాలలో చూపులేని పిల్లవాడు ఎలా చదువుతాడన్న ప్రశ్నకు అప్పట్లో సులభమైన సమాధానం లేదు. భారతీయ భాషలన్నిటికీ ఉమ్మడిగా భారతి బ్రెయిలీ రూపొందింది 1951లో. దేశంలో అంధుల పాఠశాలలు లేకపోలేదు. క్రైస్తవ మిషనరీలు 1887లో అమృత్‌సర్‌లోను, 1890లో తిరునల్వేలి సమీపాన పాళయంకోట్టైలోను వాటిని ప్రారంభించారు. కాని అవి దూరం, పైగా అంధులకే పరిమితం.

విజయనగరం సంస్థ విశిష్టత ఇక్కడే ఉంది. అంధ బాలుని నిమిత్తం పుట్టినా అది అంధుల పాఠశాల కాలేదు. చూపున్నవారికీ తలుపులు తెరిచింది. 18వ శతాబ్ది చివర పారిస్‌లో వలాంతిన్ అయూయి నెలకొల్పిన అంధుల విద్యాలయం కూడా సంగీతానికి పెద్దపీట వేసింది. లూయీ బ్రెయిలీ స్వయంగా చర్చి ఆర్గన్ వాయిద్యకారుడు. కాని అక్కడ అంధులు అంధులతోనే చదివారు. విజయనగరంలో ఒక పిల్లవాని అవసరం నుంచి అందరి సంస్థ వచ్చింది. దీన్ని కేవలం రాజుగారి దయగా చదివితే అసలు విషయం జారిపోతుంది.

చెవితో నేర్చే తరగతి

ఆ సంస్థలో చూపులేని విద్యార్థికి చోటు దొరకడానికి సంగీతాన్ని బోధించే తీరే ముఖ్య కారణం. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, గీతం, వర్ణం, కీర్తన అనే క్రమంలో గురువు పాడతాడు, శిష్యుడు తిరిగి పాడతాడు. తాళం చేతి మీద నడుస్తుంది, లెక్క వేళ్ల మీద ఉంటుంది. చూపున్న శిష్యుడు నేర్చుకునేది కూడా ఈ దారినే. అంటే అంధ విద్యార్థికి ప్రత్యేక సదుపాయమేదీ కల్పించనక్కర లేకుండానే తరగతి అతనికి అనుకూలంగా ఉంది. సుబ్బరామ దీక్షితుల 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' 1904లోనే తెలుగు లిపిలో స్వరలిపి సహితంగా వెలువడింది కనుక సంగీతంలోనూ కాగితం ప్రవేశించిన కాలమే అది. అయినా గురుముఖత నేర్చుకునే పద్ధతి వెనక్కి తగ్గలేదు. ఒక విద్యార్థి వైకల్యం తరగతిలో ఎంత అడ్డవుతుందన్నది అతని శరీరం ఒక్కటే తేల్చే విషయం కాదు, బోధన ఏ ఇంద్రియం మీద ఆధారపడిందన్నదీ తేల్చే విషయం. వైకల్యాధ్యయనాలు చాలా తరువాత సిద్ధాంతీకరించిన ఈ సంగతికి 1919 నాటి విజయనగరం తరగతి గది మంచి ఉదాహరణ.

ద్వారం వెంకటస్వామి నాయుడు జీవితం దీనికి మరొక సాక్ష్యం. 1893లో బెంగళూరులో పుట్టి విశాఖపట్నంలో పెరిగిన ఆయనకు బాల్యం నుంచి చూపు మందం. బడి చదువు సాగకపోవడానికి అదే కారణమని జీవిత కథనాలు చెబుతాయి. అన్నగారు వెంకటకృష్ణయ్య దగ్గర వాయులీనం నేర్చుకుని, 26వ ఏట విజయనగరం సంస్థలో విద్యార్థిగా చేరడానికి వచ్చి, ఆచార్యునిగా నియమితుడయ్యాడన్నది ప్రసిద్ధం. 1936లో నారాయణదాసు తరువాత అధ్యక్షుడయ్యాడు. 1941లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనను సంగీత కళానిధిగా గౌరవించింది. పలక మీది అక్షరం కనబడక బడికి దూరమైన వ్యక్తి ఒక విద్యాసంస్థకు అధిపతి కాగలిగాడు. వ్యక్తి మారలేదు, చూపూ మెరుగుపడలేదు. అతణ్ణి కొలిచిన కొలబద్ద మాత్రం మారింది.

అయితే ఈ చరిత్రను పూర్తి విజయగాథగా చెప్పడం సరికాదు. అంధునికి సంగీతం అన్న సమీకరణం మన సమాజంలో పాతదే. గుడి మెట్ల మీదా, రైలు పెట్టెల్లోనూ పాడే గొంతుల వెనుక ఉన్నది అదే సమీకరణం. గంగరాజుకు సంగీతం ఇష్టం కనుక అతనికి మేలు జరిగింది. అతనికి లెక్కలో, చరిత్రో ఇష్టమై ఉంటే ఆ పట్టణం ఏమి చేసి ఉండేది? మహారాజా ఉన్నత పాఠశాల నల్లబల్ల తన చోటు నుంచి కదలలేదు. సంస్థ స్థాపన ప్రస్తావన ముగియగానే కథ నారాయణదాసు వైపు, ద్వారం వైపు తిరిగిపోవడం కూడా ఆలోచించదగినదే. ఆ బాలుడు కథనంలో కారణంగా నిలిచాడు గాని పాత్రగా నిలవలేదు.

ప్రవేశం దొరకడం ఒకటి, బడిలో కుదురుకోవడం మరొకటి. చూపుతో సంబంధం లేని ఉదాహరణ ఇదే సంస్థలో ఉంది. ఘంటసాల వెంకటేశ్వరరావు ఇక్కడ చదువుకోవడానికి వచ్చి మధూకరం ఎత్తుకుని పొట్ట నింపుకున్నాడు. ఆయనకు ఇంట్లో చోటిచ్చి పాఠం చెప్పినది గురువు పట్రాయని సీతారామశాస్త్రి. విద్యార్థికి నిలువ నీడ కల్పించినది సంస్థ నియమాలు కావు, ఒక గురువు వాత్సల్యం. విద్యాహక్కు అనే భావన ఇంకా రాని కాలంలో అంతకు మించి ఆశించలేము.

గిడుగు చేసిన మరొక పని

బడికి సరిపడని బిడ్డ కోసం వేరే చోటు కట్టడం ఒక మార్గం. బిడ్డకు సరిపడేలా బడినే మార్చడం రెండవది. ఈ రెండవ మార్గానికీ ఉత్తరాంధ్రలోనే తొలి ఉదాహరణ ఉంది. శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు, పర్లాకిమిడిలో ఉపాధ్యాయునిగా ఉంటూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పే బడులు పెట్టించి, వాచకాలు సిద్ధం చేశాడు. సవర పిల్లవానికి చూపూ వినికిడీ ఉన్నా, తెలుగు వాచకం ముందు అతడు మూగవానితో, చెవిటివానితో సమానుడే అయ్యేవాడు. ఆ లోపం పిల్లవానిది కాదని, వాచకానిదని గిడుగు గుర్తించాడు. మన్యం జ్వరాలకు వాడిన క్వినైను వల్ల ఆయన తన వినికిడినే పోగొట్టుకున్నాడు. 1931లో సవర వ్యాకరణాన్ని, 1938లో నిఘంటువును వెలువరించినది చెవులు సరిగా వినబడని భాషావేత్త అన్న సంగతి ఈ చర్చలో మరవరానిది.

చట్టం చెప్పినది, బడిలో జరుగుతున్నది

స్వతంత్ర భారతంలో కొఠారీ కమిషన్ 1966 నివేదికలో వైకల్యం గల పిల్లలను వీలైనంత వరకు సాధారణ పాఠశాలల్లోనే చదివించాలని సూచించింది. 1974లో కేంద్రం సమైక్య విద్యా పథకాన్ని ప్రారంభించింది. ఆ మాటలో ఒక షరతు దాగి ఉంది: బడి ఉన్నట్టే ఉంటుంది, పిల్లవాడు అందులో ఇమడాలి. 1994 సలమాంకా ప్రకటన తరువాత ఆలోచన తలకిందులైంది. బడే పిల్లవానికి అనుగుణంగా మారాలన్నది సహిత విద్య సారం. 2016 వికలాంగుల హక్కుల చట్టం సహిత విద్యను నిర్వచిస్తూ, వైకల్యం ఉన్నవారూ లేనివారూ కలిసి చదవడంతోపాటు బోధనా విధానాన్ని తగినట్లు సవరించడాన్ని కూడా అందులో చేర్చింది. 1995 చట్టంలో ఏడుగా ఉన్న వైకల్య రకాలు ఇరవై ఒకటయ్యాయి. గిడుగు మార్గమే చట్టమైందనవచ్చు.

ఆచరణ మాత్రం ఇంకా 1919 మార్గంలోనే నడుస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో సమగ్ర శిక్ష కింద మండలాల్లో భవిత కేంద్రాలు పనిచేస్తున్నాయి. సహిత విద్యా రిసోర్సు ఉపాధ్యాయులు, ఫిజియోథెరపీ, ఉపకరణాల పంపిణీ, బడికి రాలేని పిల్లలకు ఇంటి వద్ద బోధన వీటి ద్వారా అందుతున్నాయి. ఎన్నో కుటుంబాలకు ఇది నిజమైన ఆసరా, దీన్ని తక్కువ చేయడానికి వీల్లేదు. అయితే భవిత గది సాధారణ పాఠశాల ప్రాంగణంలో ఉన్నంత మాత్రాన అక్కడి విద్యార్థి ఆ పాఠశాల విద్యార్థి అయిపోడు. హాజరు పట్టీలో పేరు ఐదవ తరగతిలో, కూర్చునే చోటు పక్క గదిలో ఉంటే 'ఇది మా బడి' అన్న మాట ఏ గదిని ఉద్దేశిస్తుంది? పైగా విజయనగరం సంగీత తరగతిలో చూపున్నవారు కూడా చెవితోనే నేర్చుకున్నారు. భవిత గదిలోని బోధనా పద్ధతులు, అంటే వస్తువులను తాకించడం, బొమ్మలతో చెప్పడం, పాఠాన్ని చిన్న మెట్లుగా విడగొట్టడం, పక్కనున్న ఐదవ తరగతికి చేరడం లేదు. చేరితే వైకల్యం లేని పిల్లల్లోనూ వెనకబడినవారికి అవి పనికివచ్చేవే.

2021 అక్టోబరులో సుప్రీంకోర్టు, ప్రాథమిక స్థాయిలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు, ఆపై స్థాయిలో పదిహేనుమందికి ఒక్కొక్క ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని నిర్దేశించింది. నియామకాల కోసం పోరాడుతున్నవారికి ఇది బలమైన ఆధారం. కాని నిష్పత్తి లెక్కలో సాధారణ తరగతి ఉపాధ్యాయుడు ఎక్కడా కనిపించడు. 'ఆ పిల్లల సంగతి రిసోర్సు ఉపాధ్యాయుడు చూసుకుంటాడు' అని అతడు అనుకోవడానికి ఆ లెక్కే ఆస్కారమిస్తుంది. నారాయణదాసు, ద్వారం ప్రత్యేక ఉపాధ్యాయులు కారు. వారి తరగతిలో చూపులేని శిష్యుని పాఠం గురువుగారి పాఠమే.