ఉప్పెన పోయాక మన పెద్దలు మనసు ఎట్లా నిలబెట్టుకున్నారు?

ఈ పోస్టు కాస్త పొడవే. పొలం పని అయ్యాక, రాత్రి భోంచేసి తీరిగ్గా చదవండి.

వరి పాలు పోసుకుని గింజ గట్టిపడే రోజులంటే మనకు సంతోషం, భయం రెండూనూ. చేలో నిలబడి ఆకాశం వంక చూడని రైతు మన డెల్టాలో ఉండడు. ఆ భయం ఊరికే రాలేదు. 1864 నవంబరు 1న బందరు మీద పడ్డ ఉప్పెనలో సుమారు 30,000 మంది చనిపోయారు. 1977 నవంబరు 19న దివిసీమ మీద పడ్డ ఉప్పెనలో సర్కారు లెక్క ప్రకారమే సుమారు 10,000 మంది. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్ళ పేర్లు దేశమంతా విన్నది అప్పుడే. రెండూ నవంబరులోనే, పంట చేతికొచ్చే వేళ.

పోయిన మనుషులకు, గొడ్లకు, ఇళ్ళకు లెక్క రాశారు. బతికి మిగిలినవాళ్ళ మనసుల లెక్క మాత్రం ఎవరూ రాయలేదు. నేను చెప్పబోయేది ఆ సంగతే.

1977లో మా ఇంట్లో మా నాయనమ్మ పోయింది, ఎడ్ల జత పోయింది. మా నాన్న కొన్ని నెలలు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఉయ్యూరు చుట్టాలు తెచ్చిచ్చిన జనుప నార ముందేసుకుని, రోజూ పొద్దు గుంకే వేళకి అరుగు మీద కూర్చుని పలుపులు పేనేవాడు. కొట్టంలో కట్టడానికి ఒక్క గొడ్డు లేదు. అయినా పేనేవాడు. పేనినవి ఇరుగుపొరుగుకి ఇచ్చేవాడు. చాలా ఏళ్ళకి అడిగాను, అప్పుడెందుకు నాన్నా అన్ని పలుపులు అని. "చేతులు ఆడుతుంటే బుర్ర కాసేపు ఆగుద్దిరా" అన్నాడు. అంతే, ఇంకో ముక్క చెప్పలేదు.

ఆ ఏడు ధనుర్మాసంలో మా రామాలయంలో భజనకి సగం గొంతులు లేవు. అయినా ఒక నలుగురు తాళాలు పట్టుకుని కూర్చున్నారు. మా నాన్న వెళ్ళి వెనక స్తంభానికి ఆనుకుని కూర్చునేవాడు. పాడేవాడు కాదు. కానీ రోజూ వెళ్ళేవాడు.

ఇదంతా మా నాన్న కొత్తగా కనిపెట్టింది కాదు, ఈ నేల అలవాటే. గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాల గారి సంగతే తీసుకోండి. వాళ్ళ నాన్న సూర్యనారాయణ గారు తరంగాలు పాడేవారు, మృదంగం వాయించేవారు. చిన్నతనంలోనే ఆ తండ్రి పోయారు. తర్వాత ఆ పిల్లవాడు విజయనగరం వెళ్ళి, ఇంటింటికీ తిరిగి మధుకరం ఎత్తుకుని తింటూ సంగీతం నేర్చుకున్నాడు. ఆ కష్టంలో ఆయన వదలనిది తండ్రి దగ్గర విన్న పాటనే.

బందరు సంగతి చూడండి. 1611లో ఇంగ్లీషువాళ్ళు ఇక్కడ కోఠీ పెట్టింది ముఖ్యంగా మన అద్దకం గుడ్డల కోసం. మిల్లు గుడ్డ వచ్చాక ఆ పని బాగా దెబ్బతింది. అయినా చావలేదు, పెడనలో నేటికీ నడుస్తోంది. ఎప్పుడైనా వెళ్ళి చూడండి. గుడ్డని కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో తడిపి ఆరేస్తారు. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళలో రోజుల తరబడి ఊరేసి నలుపు తీస్తారు. చెక్క అచ్చు ఒక్కోసారీ గురి చూసి అద్దాలి. తొందరపడితే గుడ్డ పాడవుద్ది. రేపటి అప్పు గురించి ఆలోచిస్తూ అచ్చు వేస్తే పువ్వు పక్కకి పోద్ది. ఆ పని మనిషిని ఉన్న చోట ఉంచుద్ది.

అదే బందరులో 1910లో కోపల్లె హనుమంతరావు గారు, పట్టాభి గారు, ముట్నూరి కృష్ణారావు గారు ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. పుస్తకం చదువుతో పాటు నేత, చిత్రలేఖనం కూడా నేర్పారు. చదువుకున్నవాడికీ చేతిలో పని ఉండాలని వాళ్ళకి నూరేళ్ళ కిందటే తట్టింది.

మరి మనకేమైంది? కోత మిషను వచ్చింది. మంచిదే, నడుం నొప్పి తప్పింది. కానీ కోతల్లో పాట కూడా పోయింది. పురికొస కొట్లో కొంటున్నాం. సాయంత్రం అరుగు మీద ఎవరి ఫోను వాళ్ళదే. పంట పోయినప్పుడు ఒక్కడే కూర్చుని, రాత్రంతా వడ్డీ లెక్కలేసుకునేవాడి పక్కన ఎవరూ లేరు.

భజన చేస్తే అప్పు తీరుద్దని నేను చెప్పడం లేదు. పలుపు పేనితే తడిసిన ధాన్యానికి ధర రాదు. గిట్టుబాటు ధర, పంట బీమా, కౌలు రైతుకి నష్టపరిహారం, వీటి కోసం కొట్లాడాల్సిందే. కానీ కొట్లాడే మనిషి ముందు నిలబడాలి కదా. ఉత్సాహం వచ్చాక పని మొదలెడదామని కూర్చోవద్దు, చిన్న పని ముందు మొదలెడితే ఉత్సాహం దాని వెనకే వస్తుందని ఇప్పటి మానసిక వైద్యులూ చెప్తున్నారు. మా నాన్న చేసింది అదే.

కాబట్టి ఒక్క పని చేయండి. రోజూ ఒకే వేళకి అరగంట, డబ్బుతో సంబంధం లేని పని ఏదైనా పెట్టుకోండి. తాడు పేనండి, పెరట్లో పాదు చేయండి, మర్చిపోయిన పద్యం గుర్తు చేసుకుని మనవడికి నేర్పండి, లేదా రామాలయానికి వెళ్ళి ఊరికే కూర్చోండి.

ఇంకో మాట. నిద్ర పట్టక, తిండి సయించక, చచ్చిపోదామన్న ఆలోచన వస్తుంటే మాత్రం ఈ అరగంట చాలదు. 14416కి ఫోన్ చేయండి. అది సర్కారువారి టెలీ మానస్. డబ్బులు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి పోవడానికి సిగ్గుపడం కదా, ఇదీ అంతే.

మీ ఊళ్ళో ఈ మధ్య మాట తగ్గించిన రైతు ఒకడు మీకు గుర్తొచ్చే ఉంటాడు. రేపు సాయంత్రం వాళ్ళ అరుగు మీదకెళ్ళి కూర్చోండి. మాట్లాడకపోయినా పర్లేదు, కూర్చోండి చాలు.