బరస్ వ్యాధి - అత్రీలాల్ గింజల చరిత్ర

హజ్రత్ ఈసా (అలైహిస్సలాం) దైవానుజ్ఞతో స్వస్థపరచిన వారిలో పుట్టుగ్రుడ్డితో పాటు 'అబ్రస్'ను కూడా దివ్య ఖుర్ఆన్ పేర్కొన్నది (3:49). అబ్రస్ అనగా బరస్ గలవాడు. మనవాళ్ళు బొల్లి అనేది ఇదే. తెలుగు అనువాదాలు కొన్ని ఇక్కడ 'కుష్ఠురోగి' అని వ్రాశాయి. కాని అరబ్బీలో కుష్ఠుకు 'జుజామ్' అని వేరే పదమున్నది. అబూదావూద్ సంకలనంలోని ఒక ప్రవక్త దుఆలో బరస్, జుజామ్ రెండూ విడివిడిగానే వచ్చాయి.

వైద్యులూ ఈ భేదాన్ని పాటించారు. ఇబ్నె సీనా (మరణం 1037) తన 'అల్ ఖానూన్'లో పైపై మచ్చయైన బహఖ్‌ను, లోతుగా పాతుకొనే బరస్‌ను వేరుచేశాడు. బరస్ మచ్చపై వెంట్రుకలు తెల్లగా మొలుస్తాయన్నాడు. చర్మాన్ని పైకి పట్టి సూదితో గుచ్చినప్పుడు రక్తం వస్తే ఆశ ఉన్నదనీ, నీరు వస్తే కష్టమనీ వ్రాశాడు. సూది పరీక్ష నేడు నిలువలేదు. వెంట్రుకల మాట మాత్రం నిలిచింది: రంగునిచ్చే కణాలు రోమకూపాలలో మిగిలివుంటే అక్కడినుండే మచ్చకు రంగు తిరిగి వస్తుంది, వెంట్రుకలు నెరసిన మచ్చ త్వరగా లొంగదు.

చికిత్స కథ ఉత్తర ఆఫ్రికాలోనిది. బిజాయా ప్రాంతపు ఒక బర్బర్ తెగ 'అత్రీలాల్' గింజలతో బరస్‌ను నయంచేస్తూ ఆ మందును రహస్యంగా దాచుకొన్నదని ఇబ్నుల్ బైతార్ (మరణం 1248) వ్రాశాడు. అత్రీలాల్ అంటే వారి భాషలో పక్షి కాలు. రోగి గింజల పొడి తిని, మచ్చలను ఎండకు చూపాలి. బొబ్బలెక్కి, మానినచోట రంగు వస్తుంది. ఎండ ఎందుకన్నది ఆనాడెవరికీ తెలియదు.

నైలు తీరంలోనూ పెరిగే ఈ మొక్కనుండి 1947లో ఈజిప్టు శాస్త్రజ్ఞులు సొరాలెన్ జాతి పదార్థాన్ని వేరుచేశారు. మరుసటి సంవత్సరమే కైరో వైద్యుడు అబ్దుల్ మునిమ్ అల్ ముఫ్తీ దానితో చేసిన చికిత్సా ఫలితాలను ప్రకటించాడు. అది ఎండలోని అతినీలలోహిత కిరణాలకు చర్మాన్ని సున్నితం చేస్తుంది. మన బావంచాల గింజలలోనూ అదే జాతి పదార్థమున్నది. యూనానీ హకీములు వాటినే వాడుతూ వచ్చారు. మోతాదు మించితే చర్మం కాలుతుంది గనుక ఇది ఇంటి వైద్యం కాదు.

శరీర రక్షణవ్యవస్థే రంగు కణాలను నాశనం చేయడం బొల్లికి మూలమని నేడు తేలింది. కుష్ఠుకు మూలం 1873లో హాన్సెన్ కనుగొన్న సూక్ష్మజీవి. బొల్లి అంటదు, స్పర్శ పోదు. అయినా 'తెల్లకుష్ఠు' అన్న ఒక్క పేరుతో పెండ్లిచూపులలో తిరస్కరింపబడుతున్న ఆడపిల్లలు మన ఇండ్లలో ఇంకా ఉన్నారు.