స్క్రూబీ గ్రామము – ఆర్చిబిషప్పుగారి దివాణము

మన సంఘములలో చాలా వాటికి గుడి కట్టకముందు ఎవరో ఒక విశ్వాసి ఇల్లే గుడి. ఇంగ్లండు సంఘ చరిత్రలోనూ అటువంటి ఇల్లు ఒకటి ఉన్నది. అయితే అది పేదవాని గుడిసె కాదు, యార్కు ఆర్చిబిషప్పుగారి సొంత దివాణము.

నాటింగ్‌హామ్‌షైరు ఉత్తరపు కొసన, రైటన్ ఏటి ప్రక్కన స్క్రూబీ అనే చిన్న గ్రామము ఉన్నది. లండను నుండి ఉత్తరమునకు పోయే పాత రాజమార్గము ఆ ఊరి మీదుగానే సాగేది. అక్కడి మేనరు ఇల్లు మన జమీందారీ గ్రామాల దివాణము వంటిది. చుట్టూ నీటి కందకము, లోపల రెండు ముంగిళ్లు, ఎక్కువ భాగము కలప కట్టడము. రాజాగ్రహమునకు గురియైన కార్డినల్ వూల్సీ 1530లో కొన్నాళ్లు ఇక్కడ ఉన్నారు. 1541లో ఎనిమిదవ హెన్రీ రాజు బస చేశారు.

అయితే ఆ ఇంటికి పేరు తెచ్చినది రాజులు కారు, అందులో ఉద్యోగరీత్యా కాపురమున్న విలియం బ్రూస్టరుగారు. ఆయన తండ్రి 1575లో ఆర్చిబిషప్పుగారి శిస్తులు వసూలు చేసే అధికారిగా నియమితులైనారు. రాజుగారి టపా గుర్రములను చూచే పోస్టుమాస్టరు పనియు వారిదే. కుమారుడు కేంబ్రిడ్జిలో కొంత చదివి, ఎలిజబెత్ రాణి కార్యదర్శి డేవిసన్ వద్ద కొలువు చేసి, 1587లో ఆ దొర పదవి పోయిన పిమ్మట ఊరు చేరి తండ్రి పని చేపట్టారు.

1606 ప్రాంతములో, బిషప్పుల పాలనను, నిర్ణీత ప్రార్థనా క్రమమును అంగీకరించలేని విశ్వాసులు ఆదివారములు ఆ ఇంట కూడుకొనసాగారు. రిచర్డ్ క్లిఫ్టన్, జాన్ రాబిన్సన్ గార్లు బోధించేవారు. పొరుగున ఉన్న ఆస్టర్‌ఫీల్డు నుండి వచ్చే విలియం బ్రాడ్‌ఫర్డ్ అప్పటికి పదహారేండ్ల కుర్రవాడు. వచ్చినవారిని బ్రూస్టరుగారు ప్రేమతో ఆదరించి, తన చేతి డబ్బు చాలా వెచ్చించేవారని తరువాత ఆయనే వ్రాశారు. ఎవరి అధికారమును కాదన్నారో వారి ఇంటికప్పు క్రిందనే ఆరాధన!

అది ఎంతోకాలము సాగలేదు. యార్కులోని సంఘ న్యాయస్థానము పిలిచినా వెళ్లనందుకు 1608లో బ్రూస్టరుగారికి 20 పౌన్ల జరిమానా పడింది. ఆ ఏటికే వారు హాలండు చేరుకున్నారు. 1620లో కొందరు 'మేఫ్లవర్' ఓడలో అమెరికాకు సాగిపోయారు.

బిషప్పుల పాలనలోనున్న మనకు వారి వాదము అంతా రుచించకపోవచ్చును. కాని వారు కట్టుబాటు లేనివారు కారు. ప్లిమత్‌లో 1629 వరకు స్థిరమైన పాదిరిగారు లేరు. పెద్దగా బ్రూస్టరుగారే ఆదివారము రెండు పూటలు వాక్యము చెప్పేవారు. సంస్కారము ఇవ్వవచ్చునా అని అడుగగా, అభిషేకము లేని పెద్దకు అది తగదని 1623లో రాబిన్సన్‌గారు ఉత్తరము వ్రాశారు. బ్రూస్టరుగారు ఇవ్వలేదు. పాదిరిగారి రాక కొరకు నెలల తరబడి ఎదురుచూచిన మన గ్రామ సంఘములకు ఆ ఆకలి తెలియనిది కాదు. కడప, గుత్తి ప్రాంతములలో సువార్త చెప్పిన లండను మిషనువారు ఎక్కువగా ఈ కాంగ్రిగేషనల్ త్రోవవారే. 1947 సెప్టెంబరు 27న వారి సంఘములు బిషప్పులుగల సంఘముతో ఏకమై దక్షిణ ఇండియా సంఘమైనవి.

స్క్రూబీ దివాణము చాలా భాగము 17వ శతాబ్దములోనే పడగొట్టబడింది. మిగిలిన కొంత ఒక రైతు ఇల్లయింది. ఊరి పేరు కూడ జనులు మరచిపోయారు. బ్రాడ్‌ఫర్డ్‌గారు ఊరి పేరు వ్రాయక, అది బిషప్పుల దివాణమని మాత్రమే వ్రాశారు. ఆ ఒక్క మాట పట్టుకొని జోసెఫ్ హంటర్ అనే చరిత్రకారుడు పాత దస్తావేజులు వెదకి, 1849లో ప్రచురించిన పుస్తకములో, ఆ ఇల్లు స్క్రూబీలోనిదేనని చూపించారు.