వీలునామాపై సంతకం చేసే ఇద్దరు

 

వసీయత్ చేయడం గురించి ఈ మింబర్ నుంచి మనం చాలాసార్లు విన్నాము. దానికి సాక్షులుగా నిలిచేవారి బాధ్యతను గురించి విన్నది తక్కువ. పొరుగింటి పెద్దాయన పిలిచాడని వెళ్తాము, చూపించిన చోట సంతకం పెడతాము, టీ తాగి వస్తాము. ఆ సంతకం వెనుక పద్నాలుగు శతాబ్దాల చరిత్ర ఉంది. అది ఒక వెండి పాత్రతో ముడిపడి ఉంది.

బనూ సహ్మ్ తెగకు చెందిన ఒక వ్యక్తి తమీమ్ దారీ, అదీ బిన్ బద్దా అనే ఇద్దరితో కలిసి ప్రయాణమయ్యాడు. అప్పటికి ఆ ఇద్దరూ క్రైస్తవులు. ముస్లింలెవరూ లేని ప్రదేశంలో అతనికి మరణం ఆసన్నమయింది. అతని సామానును ఆ ఇద్దరూ వారసులకు చేర్చారు గాని, బంగారు నగిషీ గల వెండి పాత్ర ఒకటి అందులో కనిపించలేదు. అతడు తన వస్తువుల జాబితాను వ్రాసి మూటలోనే దాచాడని కొందరు వ్యాఖ్యాతలు పేర్కొన్నారు. దైవప్రవక్త (స) వారిద్దరి చేత ప్రమాణం చేయించారు. వారు ప్రమాణం చేసి బయటపడ్డారు. తరువాత ఆ పాత్ర మక్కాలో దొరికింది. దాన్ని ఉంచుకున్నవారు తాము తమీమ్, అదీల వద్దే కొన్నామన్నారు. అప్పుడు మృతుని బంధువులలో ఇద్దరు లేచి, తమ సాక్ష్యమే ఎక్కువ సత్యమని, పాత్ర తమవాడిదేనని ప్రమాణం చేశారు. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖించిన ఈ ఉదంతం సహీహ్ బుఖారీలోని వసీయత్‌ల అధ్యాయంలో ఉంది. అల్ మాయిదా సూరాలోని 106 నుంచి 108 వరకు గల ఆయతులు ఈ సందర్భంలోనే అవతరించాయి.

ఈ ఆయతులలోని ఆదేశాలను గమనించండి. మరణం సమీపించినప్పుడు వసీయత్‌కు ఇద్దరు న్యాయవర్తనులు సాక్షులుగా ఉండాలి. ప్రయాణంలో మనవారు దొరకకపోతే ఇతరులైనా సరే. సందేహం కలిగితే నమాజు తరువాత వారిని ఆపి ప్రమాణం చేయించాలి. వారు అబద్ధమాడారని తేలితే వారసుల పక్షాన మరో ఇద్దరు నిలబడాలి. సాక్షిని కూడా పరీక్షించవచ్చునన్న సూత్రం ఇక్కడే స్థిరపడింది.

ఇది కాగితంపైనే మిగిలిన ఆదేశం కాదు. ఇరాక్‌లోని దఖూఖా అనే చోట ఒక ముస్లిం మరణించాడు. సాక్ష్యానికి ముస్లింలు దొరకక ఇద్దరు గ్రంథప్రజలను నిలబెట్టాడు. వారు కూఫా వచ్చి హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి)కి విషయం నివేదించారు. దైవప్రవక్త (స) కాలం తరువాత ఇలాంటిది జరగలేదని చెప్పి, ఆయన అస్ర్ తరువాత వారి చేత ప్రమాణం చేయించారు. తాము ద్రోహం చేయలేదని, అబద్ధమాడలేదని, దేనినీ మార్చలేదని, దాచలేదని వారు చెప్పగా, ఆ సాక్ష్యాన్ని ఆమోదించారు. సాక్షి చేయగల తప్పులన్నీ ఆ ప్రమాణంలో ఇమిడి ఉన్నాయి.

ఇక మన గడ్డకు వద్దాము. కాజీపేట పేరులోనే కాజీ పదవి నిలిచి ఉంది. అక్కడి దర్గాలో విశ్రమిస్తున్న హజ్రత్ సయ్యద్ షా అఫ్జల్ బియాబానీ 19వ శతాబ్దంలో ఓరుగల్లు కాజీగా ఉన్నవారే. నేడు తగాదా వస్తే కోర్టుకే వెళ్తాము. 1925 నాటి భారత వారసత్వ చట్టం వీలునామాకు కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలంటుంది. కాని ఆ నిబంధన ముస్లింల వీలునామాకు వర్తించదు. మరణానికి ముందు వ్రాసిన ఒక ఉత్తరాన్నే వీలునామాగా 1898లో ప్రీవీ కౌన్సిల్ అంగీకరించింది. నోటిమాట కూడా చెల్లుతుంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం వీలునామాను రిజిస్టర్ చేయించడం ఐచ్ఛికమే. ఇది సౌలభ్యమని కొందరు సంతోషిస్తారు. మా దృష్టిలో మాత్రం ఇది సాక్షిపై భారాన్ని పెంచింది. కాగితం, ముద్ర తప్పనిసరి కానప్పుడు మిగిలేది విన్నవాని నిజాయితీయే.

సంతకం చేసే సాక్షికి లోపలి విషయం తెలియనక్కర లేదని న్యాయవాదులు చెబుతారు. వ్రాసినవాడు స్పృహతో, ఇష్టంతో సంతకం చేయడాన్ని చూస్తే చాలునంటారు. చట్టానికి అది చాలవచ్చు. హజ్రత్ నూమాన్ బిన్ బషీర్ (రజి) ఉదంతం మనల్ని అక్కడ ఆగనివ్వదు. ఆయన తండ్రి బషీర్ (రజి) ఆయనకు ఒక కానుక ఇచ్చారు. తల్లి అమ్రా బిన్తె రవాహా (రజి) దైవప్రవక్త (స)ను సాక్షిగా పెట్టమని పట్టుబట్టారు. ప్రవక్త (స) సాక్ష్యానికి ముందు ప్రశ్న వేశారు: మిగిలిన సంతానానికి కూడా ఇలాగే ఇచ్చావా? లేదన్న జవాబు విని, అన్యాయానికి సాక్షిగా ఉండలేనన్నారు. బషీర్ (రజి) ఆ కానుకను వెనక్కు తీసుకున్నారు. అది వీలునామా కాదు, జీవించి ఉండగా ఇచ్చిన కానుక. అయినా సాక్షి నిరాకరించడం వల్ల ఒక ఇంట్లో న్యాయం నిలిచిందన్నది సత్యం.

మన పట్టణంలో ఈ ప్రశ్న వేయవలసిన సందర్భాలు లేవా? ఇల్లు, దుకాణం అన్నీ కొడుకులకు, ఆడపిల్లలకు పెళ్ళిలో ఇచ్చిందే చాలు అని వ్రాసిన కాగితాలు వస్తూనే ఉన్నాయి. హజ్రత్ సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) తన సంపదలో అధికభాగాన్ని దానంగా వసీయత్ చేయదలిస్తే, మూడో వంతు వరకే అనుమతించి, అది కూడా ఎక్కువేనన్నారు ప్రవక్త (స). ఇక వారసునికి వసీయత్ లేదన్నది హదీసు. మిగిలిన వారసులు, అదీ మరణానంతరం, సమ్మతిస్తేనే చెల్లుతుందని హనఫీ విద్వాంసులు వివరించారు. కాబట్టి కూతురి వాటాను తుడిచివేసే కాగితంపై "నేను సంతకాన్నే చూశాను" అనే సాక్షి చట్టం ముందు తప్పించుకోవచ్చు.

సాక్షి లబ్ధిదారు కాకుండా ఉండటం మేలు. వ్రాసిన దానిని రోగికి తెలిసిన భాషలో, ఉర్దూలోనో తెలుగులోనో, పూర్తిగా చదివి వినిపించిన తరువాతే కలం పట్టాలి. మందుల మత్తులో ఉన్నవాని వేలిముద్రకు సాక్షి కాకూడదు. బ్రతికున్నంత కాలం ఆ రహస్యం కాపాడాలి, మరణించాక అడిగితే దాచకూడదు.

గల్ఫ్‌లో పనిచేస్తున్న మన పిల్లలకు ఈ ఆయతులు మరీ దగ్గర. వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ నుంచి వెళ్ళినవాడు ఒకే గదిలో ఎనిమిదిమందితో ఉంటాడు. అక్కడే కన్నుమూస్తే అతని జీతం బాకీ, ఇచ్చిన అప్పు, పెట్టెలోని బంగారం ఎంతో గదిలోనివారికే తెలుసు. ఆ సహచరులు ఏ మతస్థులైనా, తమీమ్, అదీలు నిలిచిన చోటే నిలిచి ఉన్నారు.

తమీమ్ గురించి తిర్మిజీలో మరో కథనం ఉంది. దాని ఉల్లేఖన పరంపర బలమైనది కాదని ఇమామ్ తిర్మిజీయే చెప్పారు గనుక ఆ మేరకే దానిని తీసుకోవాలి. దాని ప్రకారం, పాత్రను వెయ్యి దిర్హమ్‌లకు అమ్మి ఇద్దరూ పంచుకున్నారు. ఇస్లాం స్వీకరించాక తమీమ్ (రజి)ను ఆ పాపం నిలువనీయలేదు. ఎవరూ అడగకుండానే మృతుని ఇంటివారి వద్దకు వెళ్ళి, జరిగింది చెప్పి, తన వంతు ఐదు వందల దిర్హమ్‌లు వారి చేతికిచ్చారు. మరో ఐదు వందలు తన సహచరుని వద్ద ఉన్నాయని కూడా చెప్పారు.