పసివాళ్ల కిడ్నీ రాళ్లు, మూత్రంలోని ఆనవాళ్లు

కిడ్నీ జబ్బును మూత్రంలో పట్టుకోవడం గురించి రాసేవాళ్లంతా దాదాపు ఒకే బాటన నడుస్తారు. 1827 నాటి రిచర్డ్ బ్రైట్, ఆయన చెంచాలో కాచిన మూత్రం, అందులో తెల్లగా విరిగిన ఆల్బుమిన్. 1886లో క్రియాటినిన్‌ను రంగుతో పట్టిచ్చిన మాక్స్ యాఫె. అక్కణ్ణుంచి ఒక్క గంతులో 2005, గుండె ఆపరేషన్ తర్వాత కిడ్నీకి తగిలిన దెబ్బను పట్టిచ్చే ఎన్‌గాల్ అనే ప్రొటీన్. గుండె ఆపరేషన్ల వరకు ఈ కథ సరిపోతుంది. కిడ్నీలో రాళ్లున్న పిల్లల దగ్గరికొచ్చేసరికి అతకదు. అశ్మరి, అంటే మూత్రంలో రాయి, ఎక్కువగా పిల్లల్లోనే వస్తుందని సుశ్రుతుడి కాలానికే తెలుసు. దాన్ని తీయడం నేర్చినంత తొందరగా, అది లోపల చేసే హాని కొలవడం మనకు పట్టుబడలేదు.

క్రియాటినిన్ కండరం నుంచి వచ్చే పదార్థం. దాని పుట్టుకకు మూలమైన ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో ఫిస్క్‌తో కలిసి లోకానికి చూపించింది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావే. పసిబిడ్డ ఒంట్లో కండ తక్కువ కాబట్టి రక్తంలో క్రియాటినిన్ కూడా తక్కువే ఉంటుంది. 85 సెంటీమీటర్ల బిడ్డకు క్రియాటినిన్ డెసిలీటరుకు 0.3 మి.గ్రా. ఉంటే, ఎత్తును, క్రియాటినిన్‌ను బట్టి లెక్కగట్టే 2009 నాటి ష్వార్ట్జ్ సూత్రం ప్రకారం కిడ్నీ వడపోత 117. అదే 0.5 అయితే 70కి పడిపోయినట్టు. ల్యాబ్ చీటీ మీద అచ్చేసిన పెద్దల హద్దుతో పోల్చుకున్న తల్లికి ఆ 0.5 ఏ మాత్రం ఎక్కువగా కనపడదు. పైగా రాయి ఒక కిడ్నీకి అడ్డుపడితే రెండోది ఆ భారం మోస్తుంది, రక్తపరీక్షలో తేడా తెలియనివ్వదు.

అసలు మలుపు ఇంకోచోట ఉందని నా అభిప్రాయం. 1968లో బెర్గార్డ్, బేర్న్ అనే పరిశోధకులు విల్సన్ వ్యాధి రోగుల మూత్రం నుంచి, కాడ్మియం విషం ఎక్కినవాళ్ల మూత్రం నుంచి బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్‌ను వేరుచేశారు. ఈ చిన్న ప్రొటీన్ వడపోతలోంచి సులువుగా జారుతుంది, కిందనున్న నాళికలు దాన్ని వెనక్కి లాక్కుంటాయి. నాళికలు జబ్బుపడితే అది మూత్రంలోకి పొంగుతుంది. ఎన్‌ఏజీ అనే ఎంజైమ్ దారి వేరు. అది వడపోతలో పట్టనంత పెద్దది, మూత్రంలో పెరిగిందంటే నాళిక కణాల్లోంచి బయటపడిందని చెప్పొచ్చు. 1980లో మ్యూనిక్‌లో మనిషి కిడ్నీ రాయిని షాక్ తరంగాలతో పగలగొట్టడం మొదలయ్యాక, ఆ దెబ్బ కిడ్నీకి ఎంత తగిలిందో చూడటానికి వైద్యులు పట్టుకున్నది ఎన్‌ఏజీ లాంటివాటినే. అంటే నాళికల వైపు చూపు 2005కి ముందే మళ్లింది.

2005లో సిన్సినాటి బృందం గుండె ఆపరేషన్ అయిన 71 మంది పిల్లల్ని చూసింది. క్రియాటినిన్ పెరగడానికి 1 నుంచి 3 రోజులు పడితే, ఎన్‌గాల్ 2 గంటల్లోనే పెరిగింది. గొప్ప ఫలితమే, కాదనను. కానీ అక్కడ దెబ్బ తగిలిన గడియ తెలుసు. రాయి నెలల తరబడి కూర్చుని ఉంటుంది, ఏ గంట నుంచి లెక్కపెట్టాలి?

2008లో చైనాలో మెలమిన్ కలిసిన పాలపొడి తాగి సుమారు 3 లక్షల మంది పిల్లలు జబ్బుపడ్డారు, ఆరుగురు చనిపోయారు. బీజింగ్‌లో పరీక్షించిన 589 మంది పసివాళ్లలో 50 మందికి స్కానింగ్‌లో రాళ్లు కనిపించాయి. మూత్రంలో రక్తం, తెల్లకణాల విషయంలో రాళ్లున్నవాళ్లకీ లేనివాళ్లకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. రాళ్లున్నవాళ్లలో క్రియాటినిన్ చూసిన 22 మందికీ అది మామూలుగానే ఉంది. పాత పరీక్షలు ఎంత గుడ్డివో ఇక్కడ తేలింది. అయితే మూత్ర సూచకాలు కొలిచిన 41 మందిలో నలుగురికి వడపోత లోపం తాలూకు ఆనవాళ్లు దొరికాయి గానీ, నాళికల లోపం ఒక్కరిలోనూ లేదు. ఇది నా వాదానికి అడ్డు తగిలే సాక్ష్యం, దాచను. రాయి ఉన్నంత మాత్రాన నాళిక చెడిందని అనుకోకూడదు.

ఈ మూత్ర సూచకాల పట్ల ఈనాటి ఉత్సాహం మీద నాకు మూడు శంకలున్నాయి. ఎన్‌గాల్ తెల్లకణాల్లోనూ ఉంటుంది. రాళ్లున్న పిల్లలకు మూత్రంలో ఇన్ఫెక్షన్ తరచూ వస్తుంది కనుక, పెరిగిన ఎన్‌గాల్ కిడ్నీదో చీముకణాలదో విడదీయడం కష్టం. బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ ఆమ్ల మూత్రంలో విచ్ఛిన్నమైపోతుంది. సీసాలో పట్టాక క్షారం చుక్కలు వేసినా, మూత్రాశయంలో అప్పటికే పోయింది తిరిగి రాదు. ఇక మూడోదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. మూత్రం పలచనా చిక్కనా అన్న తేడా సరిచేయడానికి ఈ సూచకాలన్నిటినీ మూత్రంలోని క్రియాటినిన్‌తో భాగిస్తారు. కండలేని, బక్కచిక్కిన బిడ్డలో ఆ భాజకం చిన్నది. కిడ్నీ బాగున్నా జవాబు పెద్దదై కూర్చుంటుంది. ఏ కొలతను తప్పుబట్టి బయల్దేరామో దాని మీదే మళ్లీ నిలబడ్డాం.

2023 డిసెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ 3 నెలల వయసు నుంచి పిల్లలకు ఎన్‌గాల్ పరీక్షను అనుమతించింది. అది ఇంటెన్సివ్ కేర్‌లో ఉన్న పిల్లల కోసం, రాళ్ల కోసం కాదు. రాళ్ల పిల్లల్ని ఆరోగ్యవంతులతో పోల్చి ఈ సూచకాల సగటు ఎక్కువుందని చూపడం దగ్గర ఆగిపోతే, ఎదురుగా కూర్చున్న ఒక్క బిడ్డకు ఏం చెప్పాలో తెలియదు. ఆరోగ్యమైన కిడ్నీ మూత్రంలో దాదాపు కనిపించని కిమ్-1 అనే ప్రొటీన్ మీద నాకు కాస్త ఆశ ఉంది. దాన్నైనా ఇన్ఫెక్షన్ తగ్గాక, అదే బిడ్డ ఉదయం మూత్రంలో, రాయి తీయక ముందు ఒకసారి, తీశాక మూడు నెలలకూ ఏడాదికీ కొలిచి పక్కపక్కన పెట్టి చూడాలి.